కళ్ళజోడులో గుర్రాలు

దేవుడు తెలివి పంచిపెట్టిన రోజున అందరూ గిన్నెలు పట్టుకెళితే, మండపేట నేత్రానంద స్టూడియో వాళ్ళు గంగాళం పట్టుకెళ్ళారని ప్రతీతి. ప్రతీతి అంటే వాళ్ళే చెప్పుకున్నది. అందులోనూ పెద్దవాడు గవర్రాజు మరీను.

"మా తెలివి నాన్నగారి నుంచి వచ్చిందండీ. పోతూ పోతూ కూడా ఆయన మొత్తం పట్టుకుపోలేదు, మా కోసం కాస్త వదిలారు," అనేవాడు పెళ్ళిళ్ళలో కెమెరా భుజానికెత్తుకుని.

తమ్ముడు పేర్రాజుది సోడాబుడ్డి కళ్ళజోడు. బావమరిది ఏడుకొండలు లైటు పట్టుకుంటాడు. ముగ్గురికీ నాన్నగారి ఆచారమంటే వేదం. పెళ్ళికొడుకు కళ్ళజోడు మీద ఏ మెరుపు పడినా, ఏ నీడ పడినా, ఒక్కొక్క బొమ్మలోంచీ దాన్ని తుడిచేదాకా ఆ మహానుభావుడు భోజనానికి లేచేవాడు కాదట. "కళ్ళజోడు మీద మరకుంటే కాపురం మీద మరకున్నట్టే" అనేవాడట.

వకుళ గారి పెళ్ళి వీడియో తీసింది వీళ్ళే. ఆవిడ హైదరాబాదులో డాక్యుమెంటరీలు తీస్తారు. మంగోలియా చలిలో నెలల తరబడి ఉండడానికి ఎవరూ ముందుకు రాకపోతే, తన భర్త కళ్ళజోడు అద్దంలా మెరిసిన ఆ వీడియో గుర్తొచ్చి వీళ్ళకి కబురు పెట్టారు. పాపం, అప్పటికి ఆవిడకి వాళ్ళ పనితనమే తెలుసు. తెలివి తెలీదు.

డాక్యుమెంటరీ దుల్మా అవ్వ గురించి. అవ్వ ఏటా తన గుర్రాల మందను పొంగే ఏరు దాటించి అవతలి పచ్చికకు తోలుకెళుతుంది. ఆమెకిక ఓపిక లేదు. ఈ ఏడు దాటించాక మందను మేనల్లుళ్ళకు పంచేస్తుంది. అంటే ఇదే ఆఖరు.

"ముహూర్తం దాటాక తాళి మళ్ళీ కట్టించలేం కదా గవర్రాజు గారూ. ఇదీ అంతే," అన్నారు వకుళ గారు. "ఆరేళ్ళుగా ఈ దృశ్యం కోసం తిరుగుతున్నాను. ఇది పోతే నా సినిమా పోయినట్టే."

"ఇది పోతే మా నాన్నగారి పేరు పోయినట్టమ్మా," అన్నాడు గవర్రాజు, గుండె మీద చెయ్యేసుకుని. నిజంగానే అన్నాడు.

తీరా షూటింగు మొదలవుతూనే వకుళ గారు గుర్రం మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. హైదరాబాదు వెళ్ళిపోతూ, పడుకున్న మంచం మీంచే మూడు హార్డ్ డిస్కులు వాళ్ళ చేతిలో పెట్టారు.

"తీసిన ప్రతి వీడియోకీ మూడు కాపీలుండాలి. మూడూ అచ్చుగుద్దినట్టు ఒక్కలా ఉండాలి. మూడూ ఎప్పుడూ ఒకచోట ఉండకూడదు. ఇంకొకటి, కళ్ళారా సరిచూడకుండా ఏదీ చెరపొద్దు."

గవర్రాజు మూడు డిస్కులనీ మూడు పసుపు గుడ్డల్లో మూటగట్టి, దణ్ణం పెట్టి, ఒకటి అవ్వ ఇచ్చిన గుడారంలోనూ, ఒకటి మేకల దొడ్డిలోనూ, ఒకటి గుట్ట మీదా పెట్టించాడు. కాపలా ఉండాలి కదా. గుడారంలో గవర్రాజు, దొడ్డిలో పేర్రాజు, గుట్ట మీద ఏడుకొండలు. భోజనం దగ్గర కూడా ఎవరి చోట వాళ్ళే.

"అన్నయ్యా, ఉప్పు!" అని దొడ్డిలోంచి కేక.

"బావా, ఊరగాయ!" అని గుట్ట మీంచి కేక.

దుల్మా అవ్వకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఇది వాళ్ళ దేశపు ప్రార్థన కాబోలనుకుని భోజనాలవేళ తనూ ఒక కేక వేసేది.

ఇక సరిచూడడం. "ఎవరు చూడాలి బావా?" అన్నాడు ఏడుకొండలు.

"పేర్రాజే చూడాలి. మనకు రెండేసి కళ్ళు. వాడికి కళ్ళజోడుతో కలిపి నాలుగు. వాడు ఒకసారి చూస్తే ఇద్దరు చూసినట్టు."

అంతే, పేర్రాజు గుడారంలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఒక్కో డిస్కూ తెచ్చి, మొదటి నుంచి చివరిదాకా రెప్పవేయకుండా చూసి, దాని చోట దాన్ని పెట్టి వచ్చేవాడు. పూట షూటింగు చేస్తే మూడు పూటలు చూడడమే.

ఒకరోజు గవర్రాజు గుట్టెక్కి ఫోను చేశాడు. సిగ్నలు అక్కడే వస్తుంది. "అంతా చూశామమ్మా," అన్నాడు.

"నిజంగా చూశారా, పైపైన చూశారా?" అన్నారు వకుళ గారు మాటవరసకి.

ఫోను పెట్టేశాక గవర్రాజు గుట్ట మీద కాపలా ఉన్న ఏడుకొండలు వైపు తిరిగాడు. "నమ్మకం లేదురా ఆవిడకి. ఇకనుంచి చూసినదానికల్లా ఆధారం ఉండాలి," అన్నాడు.

ఇంకేముంది, రెండో కెమెరా పేర్రాజు ముఖానికి ఎదురుగా వెలిసింది. పేర్రాజు చూస్తుంటే, పేర్రాజు చూడడాన్ని గవర్రాజు తీసేవాడు. అదీ అత్యుత్తమ నాణ్యతలో. ముక్కు మీద చెమటబొట్టు కూడా లెక్కకు రావాలి.

"బావా, ఈ ఆధారం కూడా వీడియోనే కదా?" అన్నాడు ఏడుకొండలు.

"అవును."

"వీడియో అన్నాక మూడు కాపీలుండాలి కదా?"

"ఉండాలి."

"కాపీలన్నాక సరిచూడాలి కదా?"

గవర్రాజు బావమరిదిని మెచ్చుకోలుగా చూశాడు. "నిన్ను ఊరికే మా ఇంట్లో పెట్టుకోలేదురా," అన్నాడు.

అంతే. పేర్రాజు గుర్రాలను చూశాడు. గుర్రాలను చూస్తున్న పేర్రాజును పేర్రాజు చూశాడు. గుర్రాలను చూస్తున్న పేర్రాజును చూస్తున్న పేర్రాజును కూడా చూశాడు. అన్నీ మూడేసి కాపీలు.

"అన్నయ్యా, ఇందులో మొదటివాణ్ణి నేనేనా?" అని మధ్యలో ఒకసారి అడిగాడు.

"చొక్కా చూసుకోరా."

ఈలోగా ఏరు పొంగింది. దుల్మా అవ్వ ముందు గుర్రమెక్కి నీళ్ళలోకి దిగింది. వెనక మంద మందంతా దిగింది. అవతలి గట్టెక్కాక అవ్వ వెనక్కి తిరిగి, ఒక్కో గుర్రం మెడనూ నిమిరింది. గవర్రాజు చెయ్యి వణక్కుండా తీశాడు. ఎంత తెలివైనవాడైనా కెమెరా పట్టడం వచ్చినవాడు. చూస్తున్న ఏడుకొండలు లైటు కింద పెట్టి ఏడ్చేశాడు.

మూడు కాపీలు తీశారు. పేర్రాజు చూశాడు. ఆధారం తీశారు. ఆ ఆధారం కాపీ చేస్తుండగా డిస్కులు నిండిపోయాయి.

"అప్పుడే నిండాయా? ఎలా?" అన్నారు వకుళ గారు ఫోనులో.

"జాగ్రత్తగా ఉన్నాం కదమ్మా, అందుకే."

"సరే, అక్కర్లేనివేవో తీసేసి జాగా చేసుకోండి. కానీ నేను చెప్పింది గుర్తుందిగా? సరిచూడకుండా ఏదీ చెరపొద్దు."

ముగ్గురూ ఎవరి చోట వాళ్ళుండి కేకలతోనే సభ చేశారు.

"కొత్త ఆధారాలు ఇంకా సరిచూడలేదు. కాబట్టి వాటిని చెరపకూడదు!" అని గవర్రాజు.

"మరి సరిచూసినవేవి అన్నయ్యా?"

"గుర్రాలు! మూడు కాపీలూ పూర్తిగా చూసేశావు. గుర్రాలు ఎక్కడికి పోతాయిరా, ఏటి అవతలే మేస్తున్నాయి. ఆధారం పోతే మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తాం?"

అంతే, గుర్రాలు పోయాయి. ఏరు పోయింది. అవ్వ పోయింది. మూడు డిస్కుల్లోనూ అచ్చుగుద్దినట్టు ఒక్కలా పోయాయి.

"కాస్త ముక్క పంపండి, చూసుకుంటాను," అని వకుళ గారు అడిగితే, గుట్టెక్కి, అక్కడి సిగ్నలుకి సరిపడేలా నాణ్యత తగ్గించి, భద్రంగా ఒక ముక్క పంపారు. ఆవిడ తెరిచి చూస్తే, పేర్రాజు. బెల్లం ముక్క నములుతూ పేర్రాజు. ఎంత ముందుకు జరిపినా పేర్రాజే.

జరిగింది విని ఆవిడ ఏడ్చారు, తిట్టారు, మళ్ళీ ఏడ్చారు. ఉన్నట్టుండి ఆగిపోయారు.

"గవర్రాజు గారూ... ఆయన కళ్ళజోడులో ఏదో కదులుతోంది."

నిజమే. చీకటి గుడారంలో పేర్రాజు సోడాబుడ్డి అద్దాల మీద లాప్‌టాప్ వెలుగు పడింది. ఒక్కో అద్దంలో ఒక్కో ఏరు. ఏట్లో మంద. ముందు అవ్వ.

"డిస్కుల్లో ఉన్నది అంత నాణ్యతలో తీశారు కాబట్టి పెద్దది చేసినా జూలుతో సహా కనిపిస్తుంది!" అన్నారు వకుళ గారు. "ఇంక ఆ కళ్ళజోడే మన సినిమా. వింటున్నారా? కళ్ళజోడు జాగ్రత్త!"

గవర్రాజు కళ్ళు చెమర్చాయి. నాన్నగారు చెప్పిన కళ్ళజోడు మరక మాటకే ఇన్నాళ్ళకు ఆవిడా వచ్చారు.

ఇంకేముంది, ముగ్గురూ భోజనం మానేశారు. పేర్రాజు లాప్‌టాప్ ముందు కూర్చుని తన కళ్ళజోడును తనే ఒక్కొక్క బొమ్మలోంచీ తుడిచాడు. గుర్రం కనిపిస్తే గుర్రం, నీళ్ళు కనిపిస్తే నీళ్ళు. మూడు డిస్కులూ ఒక్కలా ఉండాలి కాబట్టి మూడింటిలోనూ తుడిచాడు. తర్వాత గవర్రాజు గుట్టెక్కాడు.

"అమ్మా, కళ్ళజోడు ఇప్పుడు అద్దంలా ఉంది. అడ్డొచ్చే ఆ గుర్రాలన్నీ తుడిచేశాం."

ఫోనులో ఊతకర్ర కిందపడ్డ చప్పుడు వినిపించింది.

"మీకు అనుమానం అక్కర్లేదమ్మా. తుడిచినట్టు ఆధారం కూడా తీశాం."

"తుడిచిందెవరు?" వకుళ గారి గొంతు మళ్ళీ లేచింది.

"పేర్రాజే."

"కళ్ళజోడు పెట్టుకునేనా?"

"పెట్టుకోకపోతే వాడికి గుర్రమూ కనిపించదు, గోడా కనిపించదు కదమ్మా. అన్నట్టు ఆ ఆధారంలో కూడా వాడి అద్దాల్లో మళ్ళీ అవే గుర్రాలు..."

"ముట్టుకోవద్దు!" ఆవిడ అరిచిన అరుపుకు గుట్ట కింద మేకలు తలెత్తాయి. "ఆ డిస్కుల్ని ఇంక ముట్టుకోవద్దు! మీ వేలు కూడా తగలనివ్వొద్దు! వెంటనే బయల్దేరి వచ్చేయండి!"

అంతే, బయల్దేరారు.

హైదరాబాదు విమానాశ్రయంలో వకుళ గారు కర్రల ఊతంతో నిలబడి ఎదురుచూస్తున్నారు. ముగ్గురూ నవ్వుకుంటూ వచ్చారు.

"ఇన్నాళ్ళకి ముగ్గురం ఒకచోట కూర్చుని ఉప్పు అందించుకున్నామమ్మా," అన్నాడు గవర్రాజు.

"డిస్కులేవీ?"

"ఎక్కడివక్కడే ఉన్నాయమ్మా. గుడారంలోదాన్ని అవ్వ గుడారంతో సహా బండికెత్తుకుని ఎటో వెళ్ళింది. గుట్ట మీద దాన్ని గద్ద చూసుకుంటోంది. మా వేలు తగిలితే ఒట్టు."

"మూడోది?" అన్నారు వకుళ గారు.

"మీరు అడుగుతారని తెలుసు. ముట్టుకోలేదని ఆధారం తెచ్చాం," అంటూ గవర్రాజు గర్వంగా ఫోను తెరిచి చూపించాడు.

మేకల దొడ్డిలో పేర్రాజు చేతులు వెనక్కి కట్టుకుని, పసుపు మూట వైపు రెప్పవేయకుండా చూస్తున్నాడు. వకుళ గారు ఆఖరి ఆశతో బొమ్మను పెద్దది చేసి, అతని కళ్ళజోడులోకి తొంగిచూశారు.

రెండద్దాల్లోనూ ఒక మేక పసుపు మూటను నోట కరుచుకుని, తాపీగా నములుకుంటూ పోతోంది.

"అది మేకమ్మా," అన్నాడు గవర్రాజు. "మేం మాత్రం ముట్టుకోలేదు."