తడిసిన రెక్క పాట

అనగనగా వాగు పక్కన ఒక అడవి. ఆ అడవి పిట్టలకు ఒక కట్టుబాటు ఉండేది. రోజూ పొద్దున్నే అన్నీ మద్దిచెట్టు మీద చేరి పాడాలి. ఎవరి అమ్మమ్మ పాడిన పాట వాళ్లే పాడాలి. కొత్త పాట పనికిరాదు. మరి మొదటి అమ్మమ్మకు ఆ పాట ఎవరు నేర్పారు అంటారా? ఆ అడవిలో ఎవ్వరూ ఆ మాట అడగలేదు!

అక్కడ తురాయి అని ఒక పికిలిపిట్ట ఉండేది. పిడికెడంత పిట్ట. నెత్తిన నల్లటి కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ. రేగుపండు దొరికితే ఒక పాట కట్టేది. ముల్లు గుచ్చుకుంటే ఒక పాట కట్టేది. ఎంత బాగుండేవో ఆ పాటలు! మన ఇంట్లో మనం చెప్పుకునే మాటల్లా ఉండేవి.

ఒకసారి పెద్ద వాన పట్టింది. తురాయి ఒక్కతే కొమ్మ మీద తడుస్తూ కూర్చుని ఒక పాట కట్టింది. వాన వెలిశాక, పొద్దున్నే అందరూ చేరిన మద్దిచెట్టు దగ్గరికి వెళ్లి గొంతెత్తింది.

"తడిసిన రెక్కా, తడిసిన రెక్కా,
తొందరేముంది, ఆగు.
మబ్బుకు కూడా ఇల్లుంటుంది,
పోతుంది అది, ఆగు."

"ఆపు!" అని అరిచింది ఆ పాటల సభకు పెద్ద అయిన ముసలి గోరింక. "ఈ పాట మీ అమ్మమ్మ పాడిందా?"

"లేదు తాతా. నేనే కట్టాను. ఇంకా ఉంది, వినండి."

"నువ్వు కట్టావా? తడిసిన రెక్క మీద కూడా పాటేనా? రేపు తుమ్ము మీద కడతావేమో!"

చిలకలు పకపకా నవ్వాయి. కాకులు నవ్వాయి. నవ్వడం ఎందుకో తెలియని కొంగలు కూడా నవ్వాయి. మిగతా పాట తురాయి నోట్లోనే ఉండిపోయింది.

ఆ చెట్టు తొర్రలో చారలమ్మ అనే ఉడుత ఉంది. పాట విని దాని కళ్లు చెమర్చాయి. 'ఎంత బాగుంది! చెబుదామా?' అనుకుంది. 'చెబితే నన్ను చూసి కూడా నవ్వుతారేమో' అని తోక ముడుచుకుని తొర్రలోనే కూర్చుంది.

తురాయి కాసేపు చుట్టూ చూసింది. ఒక్కరైనా బాగుందంటారేమో అని చూసింది. ఎవరూ అనలేదు. కొండ దాటి వెళ్లిపోయింది. అక్కడ గూడు కట్టుకుంది, పిల్లల్ని పెంచింది. మళ్లీ పాట మాత్రం కట్టలేదు.

చారలమ్మ మాత్రం ఆ పాటను వదల్లేదు. తన పిల్లల్ని జోకొడుతూ పాడేది. మిగతా సగం తెలియదు కదా, అందుకని చివర "ఊఁ ఊఁ" అని ముగించేది. పిల్లలు పెద్దయి వాళ్ల పిల్లలకు పాడారు. వాళ్లూ చివర "ఊఁ ఊఁ" అనేవాళ్లు.

ఏళ్లకేళ్లు గడిచాయి. ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. గూళ్లు చెదిరిపోయి, పిట్టపిల్లలన్నీ ఉడుతల తొర్రలో దూరి ఒకటే ఏడుపు. చారలమ్మ మనవరాలు వాటిని దగ్గరికి తీసుకుని తడిసిన రెక్క పాట పాడింది. ఏడుపు ఆగిపోయింది. తెల్లారేసరికి ఆ పాట ప్రతి కొమ్మ మీదా ఉంది.

అప్పటికి ఆ ముసలి గోరింక మనవడు సభకు పెద్ద అయ్యాడు. "ఆహా! ఇంత గొప్ప పాట మన తాతముత్తాతలది కాక ఎవరిది అవుతుంది!" అని రోజూ ముందు దాన్నే పాడించాడు.

పాట ఎగిరి ఎగిరి కొండ దాటింది. ముసలి తురాయి చెవిన పడింది. ముందు నమ్మలేదు. తర్వాత వణుకుతున్న రెక్కలతో బయలుదేరింది. ఆగి ఆగి ఎగురుతూ మద్దిచెట్టు చేరింది.

"నాయనా, ఆ పాట నాది" అంది.

"అవ్వా, మీ అమ్మమ్మ పాడిందా?" అన్నాడు గోరింక మనవడు.

"లేదు. నేనే కట్టాను. మీరు పాడేది సగమే. మిగతా సగం ఆ రోజు మీ తాత పాడనివ్వలేదు."

"అయితే ఆ సగం పాడు, విందాం."

ముసలి గొంతు జీరబోయింది. అయినా పాడింది.

"ఒంటరి కొమ్మా, ఒంటరి కొమ్మా,
ఊగకు, నేనున్నాను.
నీకు నేను, నాకు నువ్వు,
తెల్లారేదాకా ఉన్నాను."

"ఊఁ ఊఁ" ఉండే చోట ఆ మాటలు చక్కగా అమరిపోయాయి. ఇక ఎవరికీ అనుమానం లేదు. గోరింక మనవడు తల దించుకుని, "తప్పయింది అవ్వా" అన్నాడు.

అప్పుడు తొర్రలోంచి, తోక నెరిసిన చారలమ్మ మెల్లగా పాక్కుంటూ వచ్చింది.

"తల్లీ, నీ పాట చాలా బాగుంది. ఆ రోజు తొర్రలోంచి విని, నా పిల్లలకు జోలగా పాడుతూ వచ్చాను. నీకు ఆ రోజే చెప్పాల్సింది. నవ్వుతారని భయపడ్డాను."

తురాయి కళ్లు నిండిపోయాయి.

"అక్కా, నా పాటను ఇన్నాళ్లూ బతికించావు. నీ మేలు మర్చిపోను. కానీ ఈ మాట ఆ రోజు ఒక్కసారి అని ఉంటే, ఇంకెన్ని పాటలు కట్టేదాన్నో!"

చారలమ్మ కొంచెం జరిగి చోటిచ్చింది. తురాయి దాని పక్కనే కూర్చుంది. చారలమ్మ నెరిసిన తోక మీద ఒక కొత్త పాట కట్టి మొదలుపెట్టింది. ఈసారి అడవి అంతా చివరిదాకా విన్నది.

నీతి: ఎవరి పనైనా మీకు నచ్చితే, ఎవరు నవ్వినా సరే, ఆ మాట వాళ్లకు అప్పుడే చెప్పండి.