భానోజీ పేరున్న లైన్లు

తిరుమలేశు ఆ పేరు చెరపలేకపోతున్నాడు.

కొండ మీది ఆసుపత్రి రూటర్‌లోకి దూరం నుంచి ఒకేసారి ఐదుగురే లాగిన్ కాగలరు. ఒక్కో చోటునీ ఒక లైన్ అంటారు. అందులో నాలుగు తిరుమలేశుతో కలిసి పనిచేసిన భానోజీవి. కాసేపు ఏమీ టైప్ చేయకపోతే రూటర్ మనల్ని బయటికి పంపేస్తుంది. భానోజీకి అది గిట్టేది కాదు. ఆ గడువు పూర్తిగా తీసేశాడు. లాప్‌టాప్ మూసి వెళ్ళిపోయేవాడు, మళ్ళీ వచ్చి కొత్తగా లాగిన్ అయ్యేవాడు. పాతవి లోపల అలాగే ఉండిపోయేవి.

పోయిన వారం ఘాట్ రోడ్డు మీద బైకు జారి చనిపోయాడు. రూటర్‌కి ఆ సంగతి ఎవరు చెబుతారు? లోపల ఎవరున్నారని అడిగితే ఇప్పటికీ అతని పేరే చూపిస్తోంది.

ఐదో చోట తిరుమలేశు కూర్చున్నాడు, ఆ పేరు చూస్తూ. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు.

ఆ ఉదయం ఆసుపత్రి ఇంటర్నెట్ మాటిమాటికీ తెగిపోతోంది. దాన్ని సరిచేయడం వేరే ఆఫీసులో ఉన్న సుకన్యకే వచ్చు. ఆమెకి రూటర్‌లో చోటు లేదు. ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఒక్కటి ఖాళీ చెయ్యవా? డాక్టరుగారు వీడియోలో చూస్తారని జనం ఎక్కడెక్కడినుంచో నడిచొచ్చి కూర్చున్నారు."

"చేస్తానమ్మా" అన్నాడు. చెయ్యలేదు.

అతనికీ భానోజీకీ పని నేర్పిన ఖాదర్‌వలీ మాస్టారు వచ్చి పక్కన కుర్చీ లాక్కున్నారు. తెర చూశారు, శిష్యుడి ముఖం చూశారు.

"ఈ లైన్లకి ఇక్కడినుంచి కబురు పంపొచ్చు, తెలుసు కదా. వాడికి పంపు."

"మాస్టారూ..."

"పంపు నాయనా."

ఎక్కడున్నావురా అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు తిరుమలేశు. నాలుగు లైన్లకీ పంపాడు.

ఇద్దరూ తెర చూస్తూ కూర్చున్నారు. బదులు రాదని తిరుమలేశుకి తెలుసు. అయినా చూశాడు. చివరికి ఆపుకోలేక చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మాస్టారు అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచారు, ఊరుకోమనలేదు. ఆయనకీ కళ్ళు తడిశాయి.

ఏడుపు తగ్గాక తిరుమలేశు తనే ఒక్కో లైన్ తెంచాడు. నిజంగా తెంచమంటావా అని రూటర్ ప్రతిసారీ అడిగింది. ప్రతిసారీ అవునన్నాడు. గడువు మళ్ళీ పది నిమిషాలకి పెట్టాడు. సుకన్య లోపలికి వచ్చింది. కాసేపటికి ఆసుపత్రి ఇంటర్నెట్ నిలబడింది.

"వాడింక ఎక్కడా లేడు మాస్టారూ."

మాస్టారు లేచి నిలబడ్డారు.

"పావని ఉంది కదా" అన్నారు. "మొగుడు పోయి వారమైంది. నువ్వింకా ఆ పిల్లని పలకరించడానికి వెళ్ళలేదు. పద."