పావురాల గోష్ఠిలో గంట

తంగేడుకోట రాజుగారికి ఆ రోజు పొద్దున్నే కోపం వచ్చింది.

"పుల్లన్నా! నా ముత్యం గింజ ముట్టడం లేదు. మెడ వాల్చేసింది. ఏం చేయాలయ్యా అని గోష్ఠిలో అందరినీ అడిగాను. ఒక్కడంటే ఒక్కడు నోరు విప్పలేదు. సాయంత్రంలోగా వాళ్ల చేత మాట్లాడించు. లేదా, రేపటి నుంచి పావురాల గూళ్లు కడిగే పని నీదే!"

ముత్యం రాజుగారి ప్రాణంలో ప్రాణమైన పావురం. పుల్లన్న ఆయన కొలువులో హాస్యగాడు. ఇక గోష్ఠి అంటే, ఊళ్లో పావురాలు పెంచేవాళ్లంతా కోట పెరట్లో చేరి కబుర్లాడుకునే సభ. ఒకప్పుడు వాళ్ల గోలకు పావురాలే విసుక్కునేవి. ఆ తర్వాత మర్యాద కాపాడమని రాజుగారు, ముత్యం మేత చూసుకునే సింగనామాత్యుడి చేతికి ఒక గంట ఇచ్చారు. అమాత్యులవారు పెట్టిన నియమం ఒక్కటే. నిషిద్ధ విషయం ఎత్తితే గంట మోగుతుంది. మోగితే బయటికి నడవాలి.

ఆ నిషిద్ధ విషయాలేమిటో మాత్రం ఎవరికీ తెలియదు.

దాంతో గోష్ఠిలో మర్యాద బాగా పెరిగింది. "మీ పావురం బాగుందా?" "బాగుంది. మీదో?" అనుకుని, గంట వైపు ఓరగా చూసుకుని, ఎవరిళ్లకు వాళ్లు పోతున్నారు.

పుల్లన్న నేరుగా జవుళి వర్తకుడు బాలిశెట్టి ఇంటికి వెళ్లాడు. పావురాల జబ్బుల సంగతి శెట్టికి తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. నాలుగు రోజుల కిందటే ఆయనకూ గంట మోగింది. మాట్లాడేందుకు మనుషులు లేక, పాపం, మేడ మీద పావురాలతోనే వాదించుకుంటున్నాడు.

"శెట్టిగారూ, మిమ్మల్నెందుకు పంపేశారు?"

"తెలిస్తే కదయ్యా! ముత్యం నీరసంగా ఉంది, దాని మేత ఒకసారి చూడండి అన్నాను. గంట మోగింది. ముత్యం అన్నందుకా, మేత అన్నందుకా, చూడమన్నందుకా? ఆలోచించి ఆలోచించి నిద్ర పట్టడం లేదు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే ఆ పక్షి దక్కదు పుల్లన్నా. వైద్యం నాకు తెలుసు. లోపలికి రానిచ్చేదెవరు?"

మధ్యాహ్నం పుల్లన్న కోట పెరట్లో సింగనామాత్యుణ్ణి పట్టుకున్నాడు.

"అమాత్యులవారూ, ఏం మాట్లాడకూడదో ముందే చెబితే బాగుండును కదండీ?"

"భలేవాడివే! నిషిద్ధ విషయాన్ని నా నోటితో ఎలా అంటాను? మర్యాదస్తుడికి అదే తెలుస్తుంది."

"తెలియకపోతే?"

"గంట మోగాక తెలుస్తుంది."

"మోగినా తెలియలేదంటున్నారండీ."

"అయితే వాడు మర్యాదస్తుడు కాడు. పంపేయడమే మంచిదైంది" అని అమాత్యుడు గంట తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం గోష్ఠి చేరింది. రాజుగారి ఒళ్లో ముత్యం కళ్లు మూసుకుని ఉంది. పుల్లన్న వచ్చీ రాగానే ఆయన కాళ్ల మీద పడ్డాడు.

"ప్రభూ, తప్పు చేశాను! మధ్యాహ్నం ఈ పెరట్లోనే ఒక నిషిద్ధ విషయం మాట్లాడాను. గంట మోగలేదు. మోగకపోయినా తప్పు తప్పే. నన్ను శిక్షించండి."

సింగనామాత్యుడి మొహం వెలిగిపోయింది. గంట ఎత్తి పట్టుకుని, "ఏం మాట్లాడావు?" అని గద్దించాడు.

"మళ్లీ అంటే మళ్లీ తప్పు కదండీ. మీరే ఒక్కొక్కటీ అడగండి. అవునో కాదో తల ఊపుతాను."

"అడుగు సింగనా, తేల్చేయ్" అన్నారు రాజుగారు.

"పిల్లి గురించా?"

పుల్లన్న అడ్డంగా తల ఊపాడు.

"గూటికి గడియ వేయడం మరిచిపోతే పిల్లి దూరిందే, దాని గురించా?"

కాదన్నాడు. ఎవరి గూటికని రాజుగారికి అనుమానం వచ్చింది.

"పోనీ, నేను ముచ్చటపడి కొన్న పందెం పావురం, తలుపు తీయగానే పాత యజమాని ఇంటికి ఎగిరిపోయిందే, ఆ సంగతా?"

వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. పుల్లన్న దానికీ కాదన్నాడు. అమాత్యుడికి చెమటలు పట్టాయి. తన గురించి ఊళ్లో ఇంకేం పొక్కిందో తెలుసుకోకపోతే ఆయనకు ఊపిరాడేలా లేదు.

"అయితే ఆ శెట్టిగాడు వాగబోయిందేనా? ముత్యానికి నేను బూజు పట్టిన జొన్నలు పెట్టిన..."

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గానీ, మాట అప్పటికే బయటపడిపోయింది.

"బూజు జొన్నలా? నా ముత్యానికా?" రాజుగారు లేచి నిలబడ్డారు.

పుల్లన్న మెల్లగా అమాత్యుడి చేతిలోంచి గంట తీసుకుని ఖణేలుమని మోగించాడు.

"ఇందులో నేనన్నది ఒక్కటీ లేదు ప్రభూ. అన్నీ అమాత్యులవారే అన్నారు!"

పెరడంతా గొల్లుమంది. సింగనామాత్యుడు తన నియమం ప్రకారం తనే బయటికి నడిచాడు. ద్వారం దగ్గర కాచుకుని ఉన్న బాలిశెట్టి ఆయన్ను దాదాపు తోసుకుంటూ లోపలికొచ్చి, దండం పెట్టడం కూడా మరిచిపోయి ముత్యాన్ని అందుకున్నాడు. ముక్కు తెరిచి చుక్క చుక్కగా వాము నీళ్లు పోశాడు. మూడో చుక్కకు ముత్యం గుటక వేసి కళ్లు తెరిచింది.

"బతుకుతుంది ప్రభూ" అన్నాడు. రాజుగారు కళ్లు తుడుచుకున్నారు.

"ఇంతకీ పుల్లన్నా, నువ్వన్న నిషిద్ధ విషయమేమిటి?"

"ఏం మాట్లాడకూడదో ముందే చెబితే బాగుండును అన్నానండి."

రాజుగారు గొంతు సవరించుకున్నారు. "ఇకమీదట ఇక్కడ నిషిద్ధం ఒక్కటే. ఇన్నాళ్లూ నా పక్కనే గంట మోగుతున్నా, ఎందుకు మోగిందని నేను ఒక్కసారీ అడగలేదు. ఆ మాట ఎవరూ ఎత్తకూడదు."

"ముందే సెలవిచ్చారు కాబట్టి తప్పక పాటిస్తాం ప్రభూ!" అన్నాడు పుల్లన్న.

రాజుగారే అందరికంటే గట్టిగా నవ్వారు. "ముత్యం పొదిగే మొదటి పిల్లల జత నీకే. ఇంకేం కావాలో కోరుకో."

"ఈ గంట ఇప్పించండి ప్రభూ. కోటలో తిరిగే పిల్లి మెడలో కడతాను. అక్కడైతే ఎందుకు మోగిందో పావురాలకు కూడా అర్థమవుతుంది!"