కడుపులో బడి

పరదేశి మాస్టారు ఇంకా పుట్టని బిడ్డకు టైంటేబులు వేశాడు.

పొద్దున ఆరింటికి ఒక పాఠం, సాయంత్రం బడి నుంచి రాగానే ఇంకొకటి. భార్య రాజ్యాన్ని పీట మీద నిటారుగా కూచోబెట్టి, ఎదురుగా తాను కూచుని, గురువుగారి దగ్గర రాసుకున్న తత్వాల నోటుబుక్కు తెరిచి, ఆమె కడుపుకేసి చదివేవాడు. నడుం నొప్పెట్టి రాజ్యం కాస్త ఒరిగినా, కునుకు పట్టినా, ఆయన గొంతు లేచేది. పాఠం మళ్ళీ మొదటికొచ్చేది.

మనిషి చెడ్డవాడేం కాదు. ముప్పై అయిదేళ్ళు వచ్చాకగానీ తనకు గురువు దొరకలేదని ఆయన బాధ. తన బిడ్డకు ఒక్క రోజు కూడా వృథా కాకూడదని ఆశ. ఆశపడ్డది ఆయన, పీట మీద కూచున్నది మాత్రం రాజ్యం.

తొలి కాన్పు కదా, పుట్టింటికి తీసుకుపోదామని ఏడో నెలలో ఆమె తండ్రి వచ్చాడు. పాఠాలు మధ్యలో ఆగిపోతాయని మాస్టారు ఆయన్ని ఉత్తచేతులతో పంపేశాడు. తండ్రి వీధి మలుపు తిరిగేదాకా రాజ్యం గడపలోనే నిలబడి చూసింది. ఆ రోజు నుంచి మొగుడు ఏమన్నా 'సరే' అంటుంది, అంతకుమించి ఒక్క మాట లేదు. మాస్టారికి అదీ నచ్చింది. మౌనం బిడ్డకు మంచిదేననుకున్నాడు.

ఇప్పుడు తొమ్మిదో నెల. ఆదివారం మళ్ళీ వస్తున్నానని మామగారు ఉత్తరం రాశాడు. రాజ్యం ఆ ఉత్తరాన్ని చదివి, మడిచి, తలగడ కింద పెట్టుకుంది.

శనివారం ఒంటిపూట బడి. మాస్టారు తిన్నగా గురువుగారింటికి వెళ్ళాడు. ఆయన మాట సాయం చేస్తే మామగారి నోరు మూతపడుతుందని ఆలోచన. దానితోపాటు ఒక సందేహం కూడా ఉంది.

గురువు బ్రహ్మలింగంగారిది నేతపని. చూపు మందగించాక మగ్గం భార్య చౌడమ్మకిచ్చేసి, తాను పక్కన కూచుని రాట్నం మీద కండెలు చుడుతున్నాడు. ఎంతమంది శిష్యులొచ్చినా ఆ ఇంట్లో మగ్గం ఆగదు. ఆ చప్పుడులోనే ప్రశ్నలు, ఆ చప్పుడులోనే జవాబులు.

"కడుపులో ఉన్న బిడ్డ వింటుందంటారా, గురువుగారూ?"

గురువుగారు రాట్నం ఆపి ఆలోచించాడు. "నేను లోపలున్నప్పటి సంగతి నాకు జ్ఞాపకం లేదు నాయనా. నీకుందా?"

రాజ్యం కునికితే తాను ఏమని కసురుతాడో దానితో సహా మాస్టారు టైంటేబులు సంగతంతా చెప్పాడు. తను చూసిన విచిత్రం కూడా చెప్పాడు. పక్కింటి పోలేరమ్మ వచ్చి ఊళ్ళో కబుర్లన్నీ మోసుకొచ్చి చెబుతుంటే బిడ్డ ఒకటే తన్నడం, పొర్లడం. ఆ తన్నులు చీరమీదుగా కూడా కనపడతాయి. తను నోటుబుక్కు తెరిచి చదవడం మొదలెట్టగానే రాయిలాగా బిగుసుకుపోతుంది. పాఠం అయ్యేదాకా కదలదు. అది ఏకాగ్రతేనని తన నమ్మకం. పూర్వజన్మ సాధన ఏదో ఉండి ఉంటుంది. ఇలాంటి బిడ్డను ఇప్పుడు పుట్టింటికి పంపి, పోలేరమ్మల్లాంటి వాళ్ళ మధ్య పడేస్తే ఎలా?

మగ్గం మీంచి తల ఎత్తకుండానే చౌడమ్మ అడిగింది. "ఆ పిల్ల ఏమంటోంది?"

"ఏ పిల్లమ్మా?"

"మోసే పిల్ల."

రాజ్యాన్ని అడగాలని ఆయనకెప్పుడూ తట్టలేదు.

గురువుగారి ముఖంలో మాత్రం కొత్త ఆట దొరికిన కుర్రాడి ఉత్సాహం కనపడింది. చూద్దాం పద అంటూ లేచాడు. మగ్గం గుంటను ఆనుకునే నూలు నానబెట్టే రాతి తొట్టి ఉంది, నిండా నీళ్ళతో. బిడ్డ ఉండేదీ నీళ్ళలోనేగా అంటూ, చొక్కా విప్పి, ఊపిరి బిగపట్టి, చెవులు మునిగేదాకా తల అందులో పెట్టమన్నాడు. రోజూ పిల్లల చేత గోడకుర్చీ వేయించే మాస్టారు, తొట్టి ముందు వంగి తల ముంచాడు.

గురువుగారు మాస్టారికి బాగా ఇష్టమైన తత్వం ఒకటి చదివాడు. మాస్టారు పైకి లేచి ముక్కు తుడుచుకున్నాడు. ఏం వినపడిందని గురువుగారు అడిగాడు. డబ్బాలో తుమ్మెదను పెట్టి మూసినట్టు ఏదో రొద వచ్చిందనీ, మాట ఒక్కటీ తెలియలేదనీ, మగ్గం మాత్రం చెవి పక్కనే ఆడినట్టు స్పష్టంగా వినపడిందనీ మాస్టారు చెప్పాడు.

గురువుగారు నమ్మలేదు. శిష్యుణ్ణి చదవమని, తాను వంగి తల ముంచాడు. గడ్డం నుంచి నీళ్ళు కారుతుండగా లేచి, నిజమేనని ఒప్పుకున్నాడు. శిష్యుడు చదివింది ఏ తత్వమో ఆయనకీ తెలియలేదు. ఇద్దరి వాలకం చూసి చౌడమ్మ నవ్వుకుంది, మగ్గం మాత్రం ఆపలేదు.

"ఇంకొక్కసారి ముంచు. ఈసారి ఇంట్లో నువ్వు ఎట్లా చదువుతావో అట్లా చదువుతాను."

మాస్టారు మళ్ళీ వంగాడు.

నీళ్ళలో మొదట మగ్గమే వినపడింది. టక్, టక్. కాసేపు ఎడం, మళ్ళీ టక్, టక్. గుండె కొట్టుకున్నట్టుండే ఆ చప్పుడు ఎంత హాయిగా ఉందంటే ఊపిరి సంగతే మరిచిపోయాడు. దాని వెనకాల ఎక్కడో తుమ్మెద రొద. ఉన్నట్టుండి ఆ రొద గట్టిపడింది. అంతలో మగ్గం తడబడింది. రెండు దెబ్బలు గబగబా పడ్డాయి, ఒకటి తప్పిపోయింది, మళ్ళీ గబగబా నాలుగు. ఆ తర్వాత ఆగిపోయింది.

ఏం జరిగిందో తెలియలేదు. మాస్టారికి భయం వేసింది. ఒళ్ళు బిగబట్టి, చెవులు రిక్కించి, అట్లాగే ఉండిపోయాడు. ఊపిరి ఇక ఆగనంటేగానీ పైకి లేవలేదు.

చౌడమ్మ చేతులు నేత మీద అట్లాగే ఉన్నాయి. కళ్ళనిండా నీళ్ళు. ముందున్న పడుగు దారాల్లో ఒక పోగు తెగి వేలాడుతోంది.

"అమ్మని ఏమన్నారు?" అని అడిగాడు మాస్టారు.

"ఆమెకేసి తిరిగి, నిద్రపోతున్నావా, మళ్ళీ మొదట్నుంచి, అన్నాను. నీ మాటలే."

చౌడమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ అరుపు కూడా పరీక్షలో భాగమేనని ఆమెకెవరూ చెప్పలేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన తనమీద గొంతు లేపడం ఇదే మొదలని మాత్రం అంది.

గురువుగారు శిష్యుణ్ణి అట్లాగే వదిలేసి భార్య దగ్గరకు వెళ్ళి కూచున్నాడు. తప్పయిందని ఆమెతో మెల్లగా చెప్పాడు. తర్వాత తెగిన పోగు కొసల కోసం వేళ్ళతో తడుముకోవడం మొదలుపెట్టాడు. చూపు ఆనదు, పోగు సన్నం. రెండుసార్లు వేళ్ళలోంచి జారిపోయింది. చౌడమ్మ అందుకోబోతే వద్దన్నాడు. తల నుంచి నీళ్ళోడుతూ మాస్టారు నిలబడి చూశాడు. ముడి పడేసరికి చాలాసేపే పట్టింది.

చౌడమ్మ పోగు నడిపే నాడె అందుకుంది. మగ్గం మెల్లగా మొదలై, కాసేపటికి పాత నడకలో పడింది.

"మగ్గం ఆగినప్పుడు నువ్వేం చేశావు?" అని అడిగాడు గురువుగారు.

"కదల్లేదండీ. మళ్ళీ ఎప్పుడు మోగుతుందా అని..."

పాఠం మొదలవగానే రాయిలా బిగుసుకుపోయే తన బిడ్డ మాస్టారికి గుర్తొచ్చింది.

గురువుగారు రాట్నం తన ముందుకు లాక్కున్నాడు.

"ఓహో," అన్నాడు. "ఏకాగ్రత."

మామగారి సంగతి మాస్టారు ఎత్తలేదు. చొక్కా తొడుక్కుని, దణ్ణం పెట్టి బయటపడ్డాడు.

ఇంటికి చేరేసరికి పాఠం వేళయింది. రాజ్యం అప్పటికే పీట వాల్చుకుని, నడుం నిలబెట్టి, కళ్ళు దించుకుని కూచునుంది. ఆయన నోటుబుక్కు తీశాడు. తీసి అటక మీదికి ఎక్కించాడు. మంచం కింద నుంచి ఆమె రేకుపెట్టె లాగి, దుమ్ము తుడిచి, మూత తెరిచి పెట్టాడు.

"పాఠం?" అంది రాజ్యం.

"సెలవు."

"ఇవాళ్టికా?"

"రేపు మీ నాన్నగారు వస్తారుగా. చీరలు సర్దుకో. నీకు అక్కడ ఎన్నాళ్ళు ఉండాలనిపిస్తే అన్నాళ్ళు."

రాజ్యం ఆయన్ని ఎగాదిగా చూసింది. రెండు నెలల తర్వాత మాట కలిపి, ఆ కాలరంతా తడేమిటండీ అని అడిగింది. మాస్టారు సిగ్గుపడుతూనే జరిగింది చెప్పాడు. నూలు తొట్టిలో తల ముంచి వంగున్నానని అనేసరికి ఆమె పెదాలు బిగబట్టింది. గురువుగారు కూడా ముంచాడనేసరికి ఇక ఆపుకోలేకపోయింది. పీట మీంచి పక్కకు ఒరిగి, కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

నవ్వుతూ నవ్వుతూనే ఆయన చెయ్యి లాక్కుని పక్క డొక్క మీద పెట్టుకుంది. లోపల బిడ్డ ఒకటే తన్నడం, పొర్లడం.

సెలవు మాట చెవిన పడగానే తన క్లాసులో పిల్లలు ఎట్లా గంతులేస్తారో మాస్టారికి తెలుసు. ఆయన చెయ్యి తియ్యలేదు. పీట పక్కన నేల మీద చతికిలబడి, వింటూ కూచున్నాడు.