ఊదని ఈల

"పెద్దమనిషి మీద నలుగురిలో గొంతు చించుకుని అరిచి వచ్చావు. పైగా నా ముందు నిలబడి న్యాయం అడుగుతున్నావు. ముందు కూర్చో. ఆ పొగరు చూపు దించు."

పాలిటెక్నిక్ వర్క్‌షాపులో కూర్మారావు మాస్టారు ఇంత కటువుగా మాట్లాడటం ఈశ్వరి ఎన్నడూ వినలేదు. రోబోల పోటీలో ఓడి, జడ్జితో గొడవపడి వచ్చిన పిల్ల ఆమె. కూర్చుంది గాని, అడగదలచుకున్నది అడగక మానలేదు.

"తప్పు జడ్జిదైనా తల వంచుకుని రావాలా మాస్టారూ? మేము గెలిచిన ఆట అది. రేపు మావాళ్ళందరం వెళ్ళి ఆయన్ని నిలదీస్తాం."

మాస్టారికి వాదించే అలవాటు లేదు. చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, భార్గవ సంగతి చెప్పారు.

భార్గవ ఆ వర్క్‌షాపులోనే చదివినవాడు. చేతిలో పనితనం ఉంది, నోటిలో దురుసు ఉంది. ఒక ఏడాది అతనూ, తోటి విద్యార్థిని గిరిజా కలిసి చేసిన రోబోను విశాఖపట్నంలో పోటీకి తీసుకువెళ్ళారు. గుండ్రటి చెక్క బరి మీద రెండు రోబోలు ఒకదాన్నొకటి తోసుకోవాలి. బరి దాటి పడినది ఓడినట్టు. జడ్జి ఈల వినపడకముందే కదిలితే తప్పు. గెలిచినా ఓడినా, రోబోను ఎత్తుకునే ముందు జడ్జికి దణ్ణం పెట్టి దిగడం అక్కడి మర్యాద.

జడ్జి పేరు చిదంబరం. కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్చరరు, మెత్తటి మనిషి. సెమీఫైనల్లో భార్గవ రోబో ఈలకు ముందే కదిలిందని ఆయన ఆట ఆపేశారు. నిజానికి అది కదలలేదు. అవతలి రోబో వచ్చి గుద్దితే జరిగింది. తప్పు జడ్జిదే. ఈ మాట మాస్టారు ఈశ్వరి కళ్ళలోకి చూసి మరీ చెప్పారు.

"ఒకసారి మర్యాదగా అడుగుదాం. కాదంటే దిగిపోదాం" అంది గిరిజ.

భార్గవ వినలేదు. బరి చుట్టూ తిరిగి ఆయన ముఖం మీదికి వెళ్ళాడు.

"ఏం సార్, కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయారా? లేక అవతలి కాలేజీ వాళ్ళు బిర్యానీ పెట్టించారా?"

జనం గొల్లుమన్నారు. అతని స్నేహితులు ఫోన్లు పైకెత్తారు.

"తియ్యండ్రా, సారుని దగ్గరగా తియ్యండి. సాయంత్రానికి వాళ్ళ ప్రిన్సిపాలు కూడా చూడాలి!"

చిదంబరం ఆ ఫోన్ల వైపు చూశారు. "సరే బాబూ, మళ్ళీ ఆడండి" అన్నారు. మళ్ళీ ఆడారు, గెలిచారు. భార్గవ దణ్ణం పెట్టలేదు. "చూశావా, అరిస్తే గాని న్యాయం జరగదు" అన్నాడు గిరిజతో.

ఫైనలుకు ముందు జడ్జి ప్రతి రోబో అడుగున అరచెయ్యి ఆనించి చూడాలి. వేడెక్కిన బ్యాటరీ చేతికి తెలుస్తుంది. చిదంబరం వంగి చెయ్యి చాపారు.

"మెల్లగా సార్. మీరు ముట్టుకుంటే మళ్ళీ ఏదో తప్పు పుట్టుకొస్తుంది" అన్నాడు భార్గవ. స్నేహితులు మళ్ళీ నవ్వారు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ముట్టుకుని ఉంటే, ఇందాకటి గుద్దుకు లోపల బ్యాటరీ ఉబ్బిపోయిందని అప్పుడే తేలేది.

ఆట మొదలైంది. భార్గవ రోబో అవతలిదాన్ని అంచుదాకా నెట్టింది. జనం కేకలు వేస్తున్నారు. సరిగ్గా అప్పుడే భార్గవ ముక్కుకు తియ్యటి వాసన తగిలింది. గోళ్ళరంగు సీసా మూత తీసినట్టుంది. ఆ బ్యాటరీలతో పనిచేసిన ప్రతివాడికీ ఆ వాసన తెలుసు, దాని వెనకే మంట వస్తుందని కూడా తెలుసు.

ఆట తానే ఆపితే ఓడినట్టు. ప్రమాదమని జడ్జి ఆపితే, బాగుచేసుకుని మళ్ళీ ఆడవచ్చు. అందుకని భార్గవ జడ్జి వైపు చూశాడు. చిదంబరానికీ వాసన తెలిసింది. ఈల పెదవుల దాకా వచ్చింది. ఊదండి సార్, ఊదండి, అని భార్గవ లోలోపల మొత్తుకున్నాడు. ఆయన కళ్ళు ఒకసారి భార్గవ ముఖం మీదికి, అక్కడి నుంచి వెనకనున్న ఫోన్ల మీదికి వెళ్ళాయి. ఈల మెల్లగా కిందికి దిగింది.

పెద్దవాడి ముఖంలో అంత భయాన్ని భార్గవ అంతకుముందు చూడలేదు. ఆ భయం పుట్టించింది తన నోరేనని అతనికి తెలిసింది. "ఆపండి, మేము ఓడిపోయాం" అంటే సరిపోయేది. ఇందాక అంతలేసి మాటలు అన్న నాలుక ఆ ఒక్క మాటకు తిరగలేదు.

రోబో కింద నుంచి తెల్లటి పొగ లేచింది. బరికి దగ్గరగా కూర్చున్న గిరిజ దాన్ని లాగబోయింది. భార్గవ ఆమెను పక్కకు తోసి, తానే కుడిచేత్తో పట్టుకుని ఎత్తాడు. బ్యాటరీ అతని చేతిలోనే భగ్గుమని పేలింది.

ఆసుపత్రిలో చూడటానికి వచ్చిన చిదంబరాన్ని భార్గవ ఒకటే అడిగాడు.

"మీకూ తెలిసింది కదా సార్. ఎందుకు ఊదలేదు?"

ఆయన మంచం కోడు వైపు చూస్తూ చెప్పారు.

"మళ్ళీ ఏమైనా అంటావేమో అనుకున్నాను బాబూ."

మాస్టారు చెప్పడం ఆపి స్క్రూడ్రైవరు అందుకున్నారు. ఈశ్వరి గొంతులో ఇందాకటి పదును లేదు.

"అయినా తప్పు ఆయనదే కదా మాస్టారూ. జడ్జి అన్నాక ఊదాలి కదా."

"ఊదాలి. రెండుసార్లూ తప్పు ఆయనదే" అన్నారు కూర్మారావు మాస్టారు. "డాక్టర్లు వేళ్ళు తీసేసింది మాత్రం భార్గవ చేతికే."