మసి పూయని ఆకులు

పేరు చెప్పినా ఇప్పుడెవరికీ గుర్తురాని ఒకానొక రాజ్యంలో ఉద్దండరాయలనే రాజు ఉండేవాడు. ఆయనకు తన మీసమన్నా, తన మాటన్నా మహా మురిపెం. రాజుగారు తుమ్మినా సభలో ఎవరో ఒకరు బాగుందనాలి.

ఆయనకు ఒక్కతే కూతురు, నీలాంబ. తొమ్మిదో ఏట నాలుగు రోజుల జ్వరంతో పోయింది. ఆనాటి నుంచి రాణి మైలమదేవి కంట తడి పెట్టలేదు, భర్తతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఎదురుపడితే తల తిప్పుకుని వెళ్ళిపోయేది.

రాజు తన దుఃఖాన్ని గ్రంథంగా రాయడం మొదలుపెట్టాడు. ఏడాది తిరక్కముందే మూడు వందల తాటాకులయ్యాయి. బిడ్డ సాంవత్సరికం నాడు రాణి ముందు దాన్ని తానే చదవాలని ఆయన ఆశ. అది విని ఆమె ఏడిస్తే చాలు, ఏడ్చాక తనతో ఒక్క మాటంటే చాలు. అంత గర్వమున్న మనిషీ ఆ ఒక్క ఆశ మీదే బతుకుతున్నాడు, పాపం.

తాటాకు మీద గంటంతో గీసిన అక్షరం కంటికి సరిగా ఆనదు. పైన మసి పూసి తుడిస్తే, గీతల్లో మసి నిలిచి అక్షరం నల్లగా కనబడుతుంది. అందుకని ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. మసి పూయకముందే ప్రతి గ్రంథాన్నీ ఆస్థాన పరిష్కర్త చదవాలి, రాసినవారితో కూర్చుని మంచీ చెడూ మాట్లాడాలి, దిద్దాలి, ఆపైన తన చేత్తోనే మసి పూయాలి. అప్పటి పరిష్కర్త పేరు గుండయ. బక్కపలచటి మనిషి, మాట తక్కువ.

రాజుగారి గ్రంథాన్ని పండితులంతా కట్ట విప్పకుండానే అమోఘమన్నారు. గుండయ మాత్రం పది రోజులపాటు ఒక్కో ఆకునూ వెలుతురుకు వాలుగా పట్టుకుని చదివి, రాజు దగ్గరికి వచ్చాడు.

"ఎలా ఉంది?" అన్నాడు రాజు.

"ప్రభువుల వంశవర్ణన నలభై ఆకులుంది. వేట వర్ణన పదహారు. మీ కన్నీటిని సముద్రంతో పోల్చిన చోట్లు ఇరవై ఆరు."

"బాగుందన్నమాట."

"నీలాంబమ్మ కోసం వెతుక్కోవలసి వచ్చింది ప్రభూ. కొంత తీసేస్తే పాప కనబడుతుంది. నాలుగు రోజులు నాతో కూర్చోండి, ఏది ఉంచాలో ఏది తియ్యాలో ఇద్దరం కలిసి చూద్దాం."

రాజు ముఖం ఎర్రబడింది. "నా ఏడుపుకు నువ్వు కత్తెర పెడతావా? విను. ఒక్క అక్షరం కొట్టెయ్యకూడదు, ఒక్కటి చేర్చకూడదు, ఒక్క ఆకు తియ్యకూడదు. సాంవత్సరికం నాటికి మసి పూసి తీసుకురా. నేను చదువుతుంటే రాణి ఏడవాలి. ఏడవలేదా, గంటం పట్టే ఆ చెయ్యి నీకుండదు."

"చిత్తం," అని గుండయ కట్టను చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళి ఆ చెయ్యి ఒకసారి చూసుకున్నాడో లేదో తెలియదు. నేనైతే చూసుకునేవాణ్ణి.

సాంవత్సరికం నాడు సభ నిండింది. రాణి సింహాసనం ఎక్కక, ఒక పక్కన చాప మీద కూర్చుంది. రాజు మీసం సవరించుకుని, గొంతు సవరించుకుని, కట్ట విప్పాడు. మొదటి ఆకు ఖాళీగా ఉంది. రెండోది తిప్పాడు, అదీ ఖాళీయే. పది తిప్పాడు.

"గుండయా, నా రాత ఏది?"

"అంతా అక్కడే ఉంది ప్రభూ, వేలితో తడిమి చూడండి. అక్షరం కొట్టలేదు, అక్షరం చేర్చలేదు, ఆకు తియ్యలేదు. మసి కూడా పూశాను. అన్ని పంక్తులకూ పూయమని మాత్రం ప్రభువులు సెలవివ్వలేదు."

సభలో ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. రాజుకు ఒళ్ళు మండింది. కానీ ఏడాదిగా తన వైపు చూడని రాణి ఇప్పుడు చూస్తోంది. ఇక ఆపడానికి వీల్లేదు. ఆకులు తిప్పుకుంటూ పోయాడు. నలభై ఒకటో ఆకులో ఒక్క పంక్తి నల్లగా కనబడింది.

"నీలాంబకు ఎడమచేతి వాటం," అని చదివాడు. సముద్రాల కోసం సిద్ధం చేసుకున్న గొంతు ఆ చిన్న మాట దగ్గర తడబడింది.

మరికొన్ని ఆకుల తరవాత ఇంకొకటి. "నా కిరీటాన్ని రెండు చేతులా ఎత్తి, ఇది మోస్తే మెడ నొప్పి పుట్టదా నాన్నా అని అడిగింది."

మరొకటి. "వానపాముకు ఎండ తగులుతోందని తన చెప్పు దానికి నీడగా పెట్టి, ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చింది."

అలా మొత్తం పదకొండు పంక్తులు. చదివేకొద్దీ రాజు గొంతు తగ్గుతూ వచ్చింది. ఆఖరిది వేట వర్ణన మధ్యలో ఉంది.

"జ్వరం వచ్చిన మూడోనాడు, ఇవాళ వేటకు వెళ్ళొద్దు నాన్నా అంది. నేను వెళ్ళాను."

చాప మీద రాణి మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడుస్తోంది. ఏడాది పాటు బిగపట్టిన ఏడుపు అది, వినడానికే భయమేసింది. కాసేపటికి ఆమె తల ఎత్తి భర్తతో మాట్లాడింది.

"మర్నాడు గుర్రపు డెక్కల చప్పుడు వినబడగానే, నాన్న వచ్చాడమ్మా, నన్ను లేపి కూర్చోబెట్టు అంది. కూర్చోబెట్టాను. వచ్చింది వైద్యుడు."

రాజు సింహాసనం దిగాడు. కొత్త ఆకు ఒకటి తీసుకుని, నేల మీదే కూర్చుని, రాణి అన్న మాటలు అన్నట్టే గీశాడు. గీతలు వంకరపోయాయి. ఆకును గుండయకు అందించి, "దిద్దు," అన్నాడు.

గుండయ రెండుసార్లు చదివాడు. "దిద్దడానికేమీ లేదు ప్రభూ," అని మసిగుడ్డ తీశాడు.

"ఆ పదకొండూ ఎలా ఏరావు?"

"ఏరింది నేను కాదు. మిగతా చోట్ల మీ గంటం హాయిగా సాగిపోయింది. ఆ పదకొండు చోట్లా ఆకు చిరిగేంత లోతుకు దిగింది. వేలు పెడితే తెలుస్తుంది."

తడిసిన మీసంతోనే రాజు నవ్వాడు. ఏడాదిలో ఆయన నవ్వడం అదే మొదలు. "నా చేతిని సాక్ష్యం పెట్టి నన్నే ఓడించావు గదయ్యా," అని తన బంగారు కడియం తీసి గుండయ చేతికి తొడిగాడు. ఇకమీదట తన రాతలో ఏది తియ్యాలన్నా పరిష్కర్త మాటే చెల్లుతుందని సభలో ప్రకటించాడు. పండితులు దానికీ అమోఘమన్నారు.

రాజు వాళ్ళ వైపు చూడలేదు. ఇంకొక కొత్త ఆకు పట్టుకుని రాణి దగ్గరికి వెళ్ళి, చాప అంచున నిలబడ్డాడు.

"కూర్చోబెట్టాక ఏమంది?" అని అడిగాడు.

రాణి కొంగుతో ముఖం తుడుచుకుని, కాస్త జరిగి, ఆయనకు చోటిచ్చింది.