పాగా లేనివాడి మాట

"నా మొగుడి మాట ఒక్కరూ వినలేదయ్యా!"

వీధి చివర్నుంచి ఆ కేక వినబడేసరికి, కోటకు బయల్దేరిన మల్లుభట్టు చెప్పులో కాలు పెట్టబోయి ఆగిపోయాడు.

ఏ రాజ్యం, ఎవరి కాలం అని నన్నడక్కండి. ఉండేదొక రాజ్యం, దాన్నేలేవాడు ప్రచండవర్మ. ఆయన కొలువులో నవ్వించే ఉద్యోగం మన మల్లుభట్టుది. కేక వేసింది రాజుగారి పల్లకి మోసే పోలన్న పెళ్లాం నూకాలు.

పున్నమి సాయంత్రం మంత్రిగారి బంగారు కడియం పోయిందట. పోలన్నే తీశాడని మంత్రి అన్నాడు, కుడిచెయ్యి నరకమని రాజు అనేశాడు. పోలన్న మాత్రం సభ గుమ్మం బయటే ఉండిపోయాడు.

ఎందుకంటే ఆ కొలువులో తలపాగా లేనివాడు అడుగుపెట్టకూడదు. నేరం పడ్డవాడికేమో ముందే పాగా ఊడదీస్తారు. ఈ రెండు ఆచారాలనూ పక్కపక్కన పెట్టి చూసినవాడు లేడు. పైగా రాజు మీసం దువ్వుకుంటూ, "నా తీర్పుకు ఎదురుచెప్పిన నిందితుడే లేడు" అనేవాడు.

మల్లుభట్టు చెప్పులు వదిలేసి పరుగెత్తాడు. కోట పెరట్లో కత్తి నూరుతున్న చప్పుడు. శిక్ష అమలయ్యేదాకా రాజు ముద్ద ముట్టడు, రాజు తినందే కోటలో ఎవరూ తినరు. ఆకలికి అందరూ అటూ ఇటూ తిరుగుతున్నారు. వంటవాడు గిన్నెల మూతలు తీయడం, పెట్టడం.

"ఏలినవారూ, నా నశ్యం బరిణె పోయింది. తీసింది తమరే" అన్నాడు మల్లుభట్టు, రొప్పుతూ సభలోకి దూరి.

"చట్టం రాజుకైనా ఒకటేనని తమరే సెలవిచ్చారు కదా, పాగా ఇప్పించండి" అని కూడా అన్నాడు. మాట తనదే గనక రాజు గంభీరంగా కిరీటాన్నీ, దాని కింది పాగానూ తీసి ఇచ్చాడు. అంతే, ద్వారపాలకులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, దణ్ణం పెట్టి రాజును బయటికి పంపి తలుపు మూశారు.

"నిందితుడు చెప్పుకునేదేమైనా ఉందా?" అని మల్లుభట్టు లోపల అడిగాడు. బయట తలుపు దబదబా మోగుతోంది. "సభలో ఎవరూ పలకలేదు, ఒప్పుకున్నట్టే. ఈ పూట రాజుగారికి భోజనం లేదు."

తలుపు తోసుకుని వచ్చాడు ప్రచండవర్మ. "నా మాట వినకుండా తీర్పేమిటి?"

"తమరు బయట ఉంటిరి ప్రభూ. పోలన్న ఇంకా బయటే ఉన్నాడు."

రాజు తన పాగా తనే పట్టుకెళ్లి పోలన్న తలకు చుట్టి లోపలికి తెచ్చాడు. పున్నమి సాయంత్రం ఎక్కడున్నావురా అని అడిగాడు.

"తమరి పల్లకి కిందండి దొరా. చీకటిపడేదాకా తమరు నా భుజం మీదే ఉన్నారు."

మంత్రి పైకప్పు కేసి చూశాడు. రాజు ముందు తెల్లబోయి, తర్వాత పగలబడి నవ్వాడు. "ఓరి నీ, సాక్షిని నేనేనా!" తీర్పు కొట్టేశాడు, ఆ పాగా ఆచారాలనూ కొట్టేశాడు, మెడలో హారం తీసి మల్లుభట్టు మెడలో వేశాడు. కడియం తర్వాత మంత్రిగారి బావమరిది దగ్గర దొరికింది లెండి.

కత్తి నూరేవాణ్ణి కూడా పిలిచి అందరికీ ఒకే బంతిలో విస్తర్లు వేశారు. రాజు ముద్ద ఎత్తక ఎదురుచూస్తున్నాడు. నూకాలు పక్కన కూర్చున్న పోలన్న కుడిచేత్తో పప్పన్నం కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే, తక్కినవాళ్ల చేతులు విస్తట్లోకి దిగాయి.